ఒకే చూరు కింద: కృష్ణా డెల్టా కల్లుపాక చరిత్ర

నాలుగు గుంజలు, తాటాకు కప్పు, అలికిన మట్టి అరుగు, ఒక పక్కన వరసగా కల్లు కుండలు, ఇంకో పక్కన పొయ్యి. కృష్ణా డెల్టాలో కల్లుపాక అంటే ఇంతే. ఊరి చివర, కాలువ గట్టునో చెరువు గట్టునో, తాళ్ళకు దగ్గరగా దీన్ని వేసేవారు. సాయంత్రం పొలం పని దిగిన కూలీ, పడవ కట్టేసిన సరంగు, బస్తాలు మోసి అలిసిన హమాలీ అక్కడికి చేరేవారు. తాగడానికి కల్లు, నంజుకోవడానికి కారంకారంగా ఏదో ఒకటి, ఎవరో ఒకరు ఎత్తుకునే పాట, ఈ మూడూ ఒకే చూరు కింద దొరికేవి. తర్వాతి వందేళ్ళలో చట్టాలు, ఉద్యమాలు, వ్యాపారం కలిసి ఈ మూడింటినీ విడదీశాయి. నేటి విజయవాడ బార్ అండ్ రెస్టారెంట్ ఆ పాకలో ఒక ముక్కకు మాత్రమే వారసురాలు.

పాక ఊరిని అంటిపెట్టుకుని ఉండటానికి కారణం కల్లు స్వభావమే. తాటిచెట్టులో పోతుతాడుకీ పెంటితాడుకీ రెండింటికీ కల్లు వస్తుంది. పూగెల కొసను రోజూ పలచగా చెక్కి, దాని కింద లొట్టి కడితే రసం చుక్కచుక్కగా దిగుతుంది. లోపల సున్నం పూసిన లొట్టి కడితే ఆ రసం పులియకుండా నీరాగా ఉంటుంది. సున్నం లేకపోతే గాలిలోనూ కుండలోనూ ఉన్న ఈస్టు చెట్టు మీదే పని మొదలుపెడుతుంది. తెల్లవారి దించిన కల్లు తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ ఘాటెక్కుతుంది, మర్నాటికి పులిసి సిర్కా దారి పడుతుంది. ఇలాంటి సరుకును నిలవ చేయడం కుదరదు, దూరం పంపడం కుదరదు. ఆ పూట దిగినది ఆ పూటే, చెట్టుకు నడిచి వెళ్ళేంత దూరంలోనే అమ్ముడుపోవాలి. అందుకే పెద్ద వ్యాపారి ఒక్కచోట కూర్చుని జిల్లా అంతటికీ కల్లు అమ్మలేకపోయాడు. ప్రతి ఊరికీ తన పాక తనకు ఉండాల్సి వచ్చింది.

కల్లులో మత్తు కూడా తక్కువే. సారాయిలో ఆల్కహాలు మూడో వంతు దాకా ఉండవచ్చు, కల్లులో ఉండేది నాలుగైదు శాతం. ముంత ఖాళీ కావడానికి సమయం పడుతుంది. కూర్చోవాలి, మాట్లాడాలి, మధ్యలో ఏదైనా తినాలి. పాకను కేవలం అమ్మకపు చోటుగా మిగలనీయకుండా పదిమంది కూడే చోటుగా మార్చింది ఈ నిదానమే.

చెట్టెక్కేవాడి శ్రమ మీదే ఇదంతా నిలబడింది. నడుముకు మోకు, కాళ్ళకు బంధం, మొలలో గీతకత్తి, వీపున లొట్టి. తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఇంకోసారి అదే చెట్టు ఎక్కాలి. మోకు జారితే ప్రాణమే పోతుంది, బతికితే నడుము విరుగుతుంది. గీత వృత్తి గౌడ, ఈడిగ, గమళ్ళ, సెట్టిబలిజ కులాల చేతుల్లో ఉండేది. తాటికల్లు సంక్రాంతి తర్వాత ఊపందుకుని ఎండాకాలమంతా దిగుతుంది, చలికాలంలో ఈతకల్లు ఆదుకుంటుంది. చెట్టు మాత్రం తరచు ఇంకొకరిది. పొలం గట్టు మీది తాడు రైతుది, కాలువ గట్టు మీదిది సర్కారుది. గీసేవాడికి కత్తి, మోకు, ఒడుపు తప్ప సొంతమన్నది లేదు. కల్లు చరిత్రలో తర్వాత జరిగిన ప్రతి పోరాటానికీ మూలం ఈ లెక్కలోనే ఉంది.

పాక పక్కన పొయ్యి పెట్టుకుని నంజుళ్ళు అమ్మేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. ఉప్పూ కారం వేసి తాలింపు పెట్టిన శనగ గుగ్గిళ్ళు, బొబ్బర్ల గుగ్గిళ్ళు, ఉడికించిన గుడ్లు, మిరపకాయ బజ్జీలు, వేయించిన ఎండు నెత్తళ్ళు, ఎండు రొయ్యలు. కల్లులోని తీపి పులుపులకు ఉప్పూ కారమే జోడీ. పైగా ఎండుచేప చవక, చెడిపోదు. మచిలీపట్నం, నిజాంపట్నం తీరాల్లో ఎండబెట్టిన చేప గంపల్లో ఊరూరా చేరేది. వానాకాలంలో పొలాల్లో, పిల్లకాలువల్లో దొరికే జెల్లలు, మట్టగిడసలు, కొర్రమీనులు పులుసయ్యేవి. నత్తలు కూడా తినేవారు. విందు భోజనాల జాబితాల్లో ఈ వంటలకు చోటు ఉండదు. డెల్టా వరి పండించిన కూలీ జనం రుచి తెలియాలంటే మాత్రం చూడవలసింది పెళ్ళిపందిరి వంటకాలను కాదు, ఈ పొయ్యినే.

పాట విషయానికి వస్తే, పాకలో కచేరీ ఉండేది కాదు, కిరాయి గాయకుడూ ఉండేవాడు కాదు. వచ్చినవాళ్ళలోనే పాడేవాళ్ళు ఉండేవారు. ఏలపాటలు, నాట్లపాటలు, పడవ పాటలు, పోతులూరి వీరబ్రహ్మం తత్వాలు, వేమన పద్యాలు. డప్పు ఉంటే డప్పు, లేకపోతే అరుగు మీద చేతిదెబ్బే తాళం. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి రంగస్థల పద్యం కూడా వీటిలో చేరింది. బాపట్ల ప్రాంతపు ఇటికంపాడులో పుట్టిన బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్యహరిశ్చంద్రీయం’ నాటకంలోని కాటిసీను డెల్టా జనానికి కంఠస్థం. ఆ సీనులో తర్వాత గుర్రం జాషువా శ్మశాన పద్యాలు కూడా కలిశాయి. రాగం తీస్తూ పద్యం పాడటం, చుట్టూ ఉన్నవాళ్ళు ‘వన్స్ మోర్’ అనడం నాటకశాలకే పరిమితం కాలేదు. చదువు రానివాడి నోట పెద్ద కవుల పద్యం నిలిచిందంటే అందుకు నాటకం ఎంత కారణమో, నలుగురు కూడి కూర్చునే ఇలాంటి చోట్లూ అంతే కారణం.

తిండీ పాటా పక్కపక్కనే ఉండటం తెలుగు దేశానికి కొత్త కాదు. ‘క్రీడాభిరామం’ వర్ణించిన కాకతీయుల ఓరుగల్లులో రూక ఇస్తే కడుపునిండా అన్నం పెట్టే పూటకూళ్ళ ఇల్లు ఉంది, వీధిలో పలనాటి వీరుల కథ పాడే స్త్రీ ఉంది. డెల్టా గోలకొండ సుల్తానుల ఏలుబడిలో ఉన్న పదిహేడో శతాబ్దంలో ఆ రాజధానిని చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, కల్లు దుకాణాల మీద సుల్తానుకు వచ్చే రాబడి గురించి, గుర్రాల మీద తోలు తిత్తుల్లో నగరానికి చేరే కల్లు గురించి రాశాడు. నాట్యం చేసే వేశ్యలను పెద్ద సంఖ్యలో ప్రభుత్వం ఉండనివ్వడానికి కారణం కల్లు అమ్మకమేనని అతని అభిప్రాయం. మత్తు వల్ల ఖజానాకు లాభమన్న లెక్క ఇంగ్లీషువాళ్ళు తెచ్చినది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంగ్లీషువాళ్ళు తమ భాషలోకి తీసుకుపోయింది మరొకటి ఉంది. 1611లో ఈస్టిండియా కంపెనీ ‘గ్లోబ్’ నౌక పెటపోలికి, అంటే నేటి నిజాంపట్నానికి, అక్కడి నుంచి మచిలీపట్నానికి వచ్చింది. రెండుచోట్లా గిడ్డంగులు వెలిశాయి. 1632లో రాబర్ట్ ఆడమ్స్ అనే కంపెనీ మనిషి పెటపోలిలోని ఒక వర్తకుడికి రాసిన ఉత్తరంలో ‘పంచ్’ అనే పానీయం పేరు కనిపిస్తుంది. ఇంగ్లీషు రాతల్లో ఇప్పటికి దొరికిన వాటిలో ఆ మాట తొలిసారి కనిపించేది ఆ ఉత్తరంలోనే. సారాయి, పంచదార, నిమ్మరసం, నీళ్ళు, సుగంధద్రవ్యం అనే అయిదింటిని కలపడం వల్ల ‘అయిదు’ అనే అర్థంలో ఆ పేరు పుట్టిందన్నది ఎక్కువమంది చెప్పే మాట. ఐరోపా విందుల్లో తర్వాత రెండు శతాబ్దాలు రాజ్యమేలిన పానీయం పేరు మొదట కాగితం మీద పడిన సందర్భంలో కృష్ణా డెల్టా రేవు ఒకటి ఉండటం ఈ ప్రాంతం గుర్తుపెట్టుకోదగిన సంగతి.

డెల్టా రూపాన్ని మార్చింది నీళ్ళు. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. కాలువలు తవ్వారు, వరి విస్తరించింది, కాలువల్లో సరుకు పడవలు తిరిగాయి. 1893లో కృష్ణ మీద రైలు వంతెన రావడంతో బెజవాడ పెద్ద జంక్షను అయింది. కాలువ గట్ల వెంట తాళ్ళు, స్టేషను చుట్టూ కూలీలు, చేతిలో రోజుకూలి డబ్బులు. పాకలకు ఇంతకంటే అనువైన కాలం ఉండదు. సర్కారుకూ అది అనువైన కాలమే. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టం కల్లు, సారాయిల తయారీనీ అమ్మకాన్నీ లైసెన్సు కిందికి తెచ్చింది. గీసే ప్రతి చెట్టుకూ చెట్టుపన్ను, ప్రతి దుకాణానికీ వేలంపాట. పాట పాడుకున్నవాడు పెట్టుబడిదారు, చెట్టెక్కినవాడు కూలీ. భూమిశిస్తు తర్వాత మద్రాసు ప్రభుత్వానికి పెద్ద రాబడి ఆబ్కారీయే అయింది. అంతవరకు ఊరి ఏర్పాటుగా ఉన్న పాక ఖజానా లెక్కల్లో ఒక అంకెగా మారింది.

వేలంపాటకు కల్లుకంటే సారాయి ఎక్కువ నప్పింది. సారాయి చెడిపోదు, పీపాల్లో ఎంత దూరమైనా వెళుతుంది, ఒక్క డిస్టిలరీ నుంచి జిల్లాలకు జిల్లాలు సరఫరా చేయవచ్చు. గోదావరి జిల్లా సామర్లకోటలోని దక్కన్ షుగర్ అండ్ ఆబ్కారీ కంపెనీ పేరే చక్కెరకూ సారాయికీ ఉన్న చుట్టరికాన్ని చెబుతుంది. ఊరి చెట్టుతో, ఊరి గీతగాడితో సారాయికి పనిలేదు. నిలబడి గుక్కలో తాగి పోవచ్చు కాబట్టి అరుగుతోనూ పనిలేదు. పాక నుంచి సారాకొట్టుకు జనం మళ్ళిన కొద్దీ కూర్చునే అలవాటు పోయింది, దాంతోపాటు పాడే అలవాటూ సన్నగిల్లింది.

ఇదే కాలంలో పాట పాక బయటికి వచ్చి పాకకు ఎదురు నిలిచింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. గాంధీ వచ్చారు. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అన్న నిర్ణయాలు అక్కడివే. ఆ ఏడాది కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కల్లు దుకాణాల ముందు పికెటింగులు, ఆబ్కారీ వేలంపాటల బహిష్కారం సాగాయి. వాలంటీర్లు భజనలతో, దేశభక్తి గీతాలతో తాగేవాళ్ళను బతిమాలారు. పెనుగంచిప్రోలువాసి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రామదండు ఆటపాటలనే ఉద్యమ సాధనం చేసుకుంది. 1930 తర్వాతి శాసనోల్లంఘనలో కొన్నిచోట్ల తాటిచెట్లనే నరికేశారు. రాబడి మీద దెబ్బ తీయాలన్న ఉద్దేశం సరే, తొలి దెబ్బ తగిలింది మాత్రం గీతగాడి కూటికి. ఈ సంగతిని జాతీయోద్యమ చరిత్రలు తగినంతగా పట్టించుకోలేదు.

రంగస్థలమూ ఇటే నిలిచింది. ‘చింతామణి’తో వేశ్యావృత్తినీ, ‘వరవిక్రయం’తో కట్నాన్నీ ఎండగట్టిన కాళ్ళకూరి నారాయణరావు తాగుడు మీద ‘మధుసేవ’ రాశారు. బుర్రకథ దళాలు మద్యపాన వ్యతిరేక కథలు కట్టాయి. పాకలో పుట్టి పెరిగిన బాణీలే కొత్త మాటలు తొడుక్కుని పాకను తిట్టడం మొదలుపెట్టాయి.

రాజాజీ ప్రభుత్వం 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రారంభించి, మరుసటి ఏడాది చిత్తూరు, కడపలకూ విస్తరించింది. పోయే రాబడిని పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చింది. కల్లు పోయినా అమ్మకం పన్ను మాత్రం నేటికీ ఏదో రూపంలో ఉంది. యుద్ధకాలంలో సడలిన నిషేధాన్ని తిరిగి తెచ్చి, 1948 అక్టోబరు 2 నాటికి ప్రావిన్సు అంతటికీ వర్తింపజేశారు. కృష్ణా డెల్టాలో పాకలు మూతపడ్డాయి. గీతగాళ్ళను నీరా, తాటిబెల్లం సహకార సంఘాల వైపు మళ్ళించారు, కానీ బెల్లం రాబడి కల్లు రాబడికి దీటు కాలేదు. పొయ్యి దగ్గరి వంటలు పట్టణాల్లో మిలటరీ హోటళ్ళకు చేరాయి. మాంసం, చేప వండే పూటకూళ్ళకు అప్పట్లో అదే పేరు. దొంగసారా కాలువ గట్ల చీకట్లో కాగింది.

ఈ నిషేధ కాలం నడిమధ్య, 1953 జూన్ 26న, ‘దేవదాసు’ విడుదలైంది. తెలుగువాళ్ళ మనసులో తాగుబోతు అంటే ఇప్పటికీ ముందు మెదిలే రూపం ఆ సినిమాలోనిదే. దాన్ని తీర్చిదిద్దిన చేతుల్లో ఎన్ని కృష్ణా డెల్టావో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నటుడు అక్కినేని నాగేశ్వరరావు గుడివాడ దగ్గరి రామాపురం వారు. గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు అదే గుడివాడ చెంత చౌటపల్లిలో పుట్టారు. పాటలు రాసిన సముద్రాల రాఘవాచార్య రేపల్లె వైపు పెదపులివర్రు వారు. దర్శకుడు వేదాంతం రాఘవయ్య కూచిపూడి భాగవతుల ఇంటి బిడ్డ. చుక్క మందు చట్టప్రకారం దొరకని నేల మీద, టూరింగ్ టాకీసుల్లో, గ్రామఫోను రికార్డుల్లో తాగుడు పాట ఊరూరా మోగింది. పాకలోని పాట నలుగురు కలిసి పాడుకునేది, పనిపాటల అలసట తీర్చేది. సినిమా తెచ్చింది ఒంటరి మనిషి విషాదగీతం. తాగుడుకు తోడుగా ఆనాటి నుంచి డెల్టాకు గుర్తొచ్చే బాణీ ఇదే. ఘంటసాల గొంతు ఎంత గొప్పదైనా, పాక పాటలోని సామూహికత ఈ మార్పులో పోయిందన్నది ఒప్పుకోక తప్పదు.

నిషేధం ఒక ప్రభుత్వాన్నే పడగొట్టింది. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రంలో, ఉపాధి పోయిన గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న మంత్రిపదవి వదులుకుని ఉద్యమించారు. నిషేధం ఎత్తివేయాలన్న రామమూర్తి కమిటీ సిఫార్సులను ప్రభుత్వం అమలు చేయలేదు. 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం శాసనసభలో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. ప్రభుత్వం పోయింది గానీ నిషేధం పోలేదు. 1968లో కొత్త ఎక్సైజు చట్టం వచ్చాకే, ఆ దశాబ్దం చివరికి, కోస్తాలో దుకాణాలు మళ్ళీ తెరుచుకున్నాయి.

ఇరవై ఏళ్ళు చిన్న వ్యవధి కాదు. ఒక తరం గీతగాళ్ళు వేరే పనుల్లోకి పోయారు, పాకలో కూర్చునే అలవాటు ఒక తరానికి అందకుండా పోయింది. కేరళ కల్లుషాపు వంటలు తినడానికే పనిగట్టుకుని వెళ్ళేవాళ్ళున్నారు. కృష్ణా డెల్టా నెత్తళ్ళ వేపుడుకు ఆ పేరు రాకపోవడానికి ఈ తెగిపోయిన ఇరవై ఏళ్ళు ఒక ప్రధాన కారణమని అనుకోవచ్చు. తిరిగి తెరిచినప్పుడు ముందుకు వచ్చింది కల్లు కాదు, సారాయి, దాని పక్కన బ్రాందీ షాపు. గీత కార్మిక సహకార సంఘాలకు చెట్ల కేటాయింపులు వచ్చాయి గానీ, పెద్ద డబ్బు సారా కాంట్రాక్టర్ల దగ్గరే తిరిగింది.

1980లలో ‘వారుణి వాహిని’ పేరుతో సర్కారే సారాయిని పాలిథిన్ ప్యాకెట్లలో నింపి ఊరూరా చేర్చింది. పాకకు ఇంతకంటే పూర్తి విరుగుడు లేదు. ముంత లేదు, అరుగు లేదు, నంజుడు లేదు, పక్క మనిషి లేడు. పళ్ళతో మూల కొరికి పీల్చి పారేయడమే. కూలి డబ్బు ఇల్లు చేరడం మానేసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారాకొట్టు మూయించారు. అక్షరాస్యతా ఉద్యమపు వాచకం, కళాజాతాల పాటలు వాళ్ళకు ఊపిరి పోశాయి. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఉద్యమం కృష్ణా, గుంటూరు పల్లెలకూ పాకింది. పాట మరోసారి దుకాణం బయట నిలబడింది, ఈసారి పాడింది ఆ ఇళ్ళ ఆడవాళ్ళే. 1921 పికెటింగుకంటే ఇది లోతైనది, ఎందుకంటే పాడినవాళ్ళే బాధితులు. 1993 అక్టోబరు 1న సారాయి నిషిద్ధమైంది. కృష్ణా జిల్లా నిమ్మకూరువాసి ఎన్.టి.రామారావు 1994 డిసెంబరులో మళ్ళీ ముఖ్యమంత్రి అయి, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. వారుణి వాహిని వచ్చిందీ ఆయన తొలి ఏలుబడిలోనే. ఈ నిషేధం నుంచి కల్లును మినహాయించారు. 1997లో నిషేధాన్ని సడలించడంతో సీసా మందు తిరిగి వచ్చింది, ప్యాకెట్ సారా రాలేదు.

ఆ తర్వాత విజయవాడలో స్థిరపడినది బార్ అండ్ రెస్టారెంట్. బారు లైసెన్సు రావాలంటే రెస్టారెంటు ఉండాలి కాబట్టి, పాక నుంచి విడిపోయిన పొయ్యి ఈ దారిన మళ్ళీ మందు పక్కకు చేరింది. మందులోకి తినేదాన్ని ఇక్కడ ‘స్టఫ్’ అంటారు. వేయించిన పల్లీలు, గుడ్డు పొరటు, చికెన్ వేపుడు, రొయ్యల వేపుడు, సాయంత్రం బండ్ల మీద నిప్పులపై కాల్చే చీకులు. ఎండు నెత్తళ్ళు జాబితాలోంచి దాదాపు జారిపోయాయి. గుగ్గిళ్ళు మాత్రం శనగలుగా పళ్ళెంలో మిగిలాయి. పాట అంత తేలిగ్గా తిరిగి రాలేదు. ఆర్కెస్ట్రాలు పెళ్ళిపందిళ్ళకు, దసరా, చవితి వేదికలకు, ఉయ్యూరు వీరమ్మ తల్లి తిరునాళ్ళలాంటి జాతరలకు పోయాయి. మామూలు బారులో పాడేది స్పీకరే. నగరంలోని ప్రభుత్వ సంగీత కళాశాలకు ఘంటసాల పేరు పెట్టారు. ఆయన పాటలే కొన్ని బల్లల దగ్గర ఇప్పటికీ గొంతు కలుపుతాయి, ఆ కాసేపు పాక లక్షణం కనిపిస్తుంది.

2019 అక్టోబరు నుంచి అయిదేళ్ళు మద్యం దుకాణాలను ప్రభుత్వ సంస్థే నడిపింది. 2024 అక్టోబరు 16 నుంచి 3,396 దుకాణాలు లాటరీలో ప్రైవేటు వ్యాపారుల చేతికి వచ్చాయి. ఆ తర్వాత గీత కులాలకు 10 శాతం లెక్కన విడిగా దుకాణాలు కేటాయించారు. వాటిలో అమ్మేది సీసా మందు. తాటికల్లు ఇంకా దిగే ఊళ్ళలో ఎండాకాలం పొద్దున్నే, రోడ్డు పక్క చెట్టు నీడన, లొట్టి లోంచి ప్లాస్టిక్ సీసాల్లోకి వంపి అమ్ముతారు. కొన్నవాళ్ళు బండి దిగకుండానే తీసుకుని వెళ్ళిపోతారు.